రాతినోటికి మూడోవంతు

నల్లకొండను నిలువునా చెక్కి కట్టిన కోట పాషాణదుర్గం. ప్రాకారం లోపల ప్రాకారం, బురుజు మీద బురుజు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన రాతి ఏనుగుల తొండాల నుంచి కందకంలోకి నీళ్లు ధారలు కడుతుంటాయి. శిఖరాల మీద ఇత్తడి గద్దలు ఎండకు ధగధగలాడుతూ, గాలి మళ్లినప్పుడల్లా మెడలు తిప్పి, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూస్తుంటాయి. అలాంటి కోటను చూస్తే ఎవరికైనా కళ్లు చెదరాలి. కాని ఆ అమావాస్యనాడు, పొద్దు నడినెత్తి దాటిన వేళ, వంతెన మీద గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్న కేదారుడికి మాత్రం ఒళ్లు జలదరించింది. ఎదురొస్తున్న జనంలో సగం మందికి నీడ లేదు.

కేదారుడు తుంగకొండల వాడు. మొండిగుర్రాలను మచ్చిక చేయడం అతని వృత్తి. ఇవాళ మాత్రం జరీపాగా చుట్టి, గడ్డం అతికించుకుని, పరదేశపు గుర్రాల బేరగాడి వేషం వేశాడు. నీడ పోగొట్టుకున్నవాళ్ల చుట్టాలను ఈ కోటలో అడుగు పెట్టనివ్వరు మరి. కేదారుడి అక్క సుగాత్రి నీడ ఇక్కడే పోయిందనీ, ఆమె ఒక పూటకూళ్ల ఇంట్లో పడి ఉందనీ కబురొచ్చింది. పొద్దుగుంకేలోగా దాన్ని తిరిగి తేకపోతే అక్క దక్కదు. ఇదీ సంగతి.

వంతెన మధ్యకు వచ్చాడో లేదో, ముందు పోతున్న కుండల బండి చక్రం ఊడింది. బండి పక్కకు ఒరిగింది. కుండలతో పాటు బండి లాగుతున్న కుమ్మరి కూడా కందకంలో దబ్బున పడ్డాడు. నీళ్లు సుడి తిరిగాయి. పాచి కింద నుంచి ఒక మొసలి వీపు పైకి లేచింది.

"అయ్యో! ఎవరైనా దూకండయ్యా!" అని అరిచాడు కేదారుడు.

ఎవరూ కదల్లేదు. పైగా ఒక్కొక్కరే ముఖాలు తిప్పుకుని గబగబా నడిచిపోతున్నారు. ఛీ, ఇదేం ఊరు! కేదారుడు గుర్రాన్ని స్తంభానికి కట్టి, ఒక్క దూకు దూకాడు. మొసలి నోరు తెరిచింది. నీళ్ల మీద తేలుతున్న బండికర్రను ఆ నోట్లో నిలువునా ఇరికించి, కుమ్మరి జుట్టు పట్టుకుని, మొసలి తోక విసురుకు నీళ్లు మింగుతూ, ఎలాగో గట్టెక్కాడు. కుమ్మరి దగ్గి, కక్కి, కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. తనను తీసినవాడి ముఖం చూశాడు. వెంటనే రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు.

"ఎవడు దూకమన్నాడురా నిన్ను! నా కొంప తీశావు కదరా! మొసలి మింగితే ఒక్క క్షణంలో పోయేవాణ్ణి. ఇప్పుడు నా పెళ్లాం బిడ్డల గతేం కానురా!"

అంతలో కోట లోపల నుంచి 'గుర్ర్' మని ఒక మోత వినబడింది. కాళ్ల కింద రాళ్లు సన్నగా అదిరాయి. ఆ మోత కోసమే కాచుకున్నట్టు నల్లబట్టల భటులు పరుగెత్తుకొచ్చి కుమ్మరి రెక్కలు పట్టుకున్నారు.

"ప్రాణం పుచ్చుకున్నావు. నడు, వంతు కట్టు."

"నేను పుచ్చుకున్నానని అనలేదు బాబూ! ఆ మాట అంటేగా సుంకం!"

"వస్తువైతే ఆ మాట అనాలి. ప్రాణానికి అక్కర్లేదు. ఊపిరి తీశావంటే పుచ్చుకున్నట్టే," అన్నాడు భటనాయకుడు విసుగ్గా, రోజూ చెప్పే మాటే అయినట్టు.

కోటవాకిలి దాటగానే పెద్ద రచ్చబయలు. దాని నడుమ గోడకు గోడంత రాతిముఖం ఒకటి. దానికి కళ్లు లేవు, ముక్కు లేదు. ఉన్నదల్లా తెరిచిన నోరే, మనిషి నిలబడి లోపలికి పోగలిగినంత నోరు. అంచులు చెమ్మగా ఉన్నాయి. కుమ్మరి చేతికర్ర, మొలకత్తి, మెడలో తాయెత్తు అన్నీ ఒలిపించి భటులు అతన్ని దాని ముందు మోకాళ్ల మీద కూలేశారు. వంతు కట్టేవాడి చేతిలో పుల్ల కూడా ఉండకూడదని అక్కడి కట్టుబాటు. రాతినోరు ఒక్కసారి గాలి పీల్చింది, అంతే. కుమ్మరి నల్లటి జుట్టు కుదుళ్ల నుంచి తెల్లబడింది. వీపు వంగింది. మిగిలిన బతుకులో మూడోవంతు అలా పోయింది.

అతను లేచి, వణికే చేతులు చూసుకుని, "ఇక సారె ఎలా తిప్పను?" అని మాత్రం అన్నాడు. కేదారుడు తల ఎత్తలేకపోయాడు.

తడిసిన పాగా, అతుకు ఊడబోతున్న గడ్డం సర్దుకుని, గుర్రాన్ని తీసుకుని కేదారుడు ఊళ్లోకి నడిచాడు. ఏ వీధి చూసినా పెళ్లిబాజాలే. ఏ సందులో చూసినా పచ్చటి పందిరి, పందిట్లో పీటల మీద ఒక జంట. ఒక పీట మీద పళ్లూడిన తాత, పక్కన అంతకు అంత ఈడు అవ్వ. ఇంకో చోట పెళ్లికొడుకు కునికిపాట్లు పడుతున్నాడు, పెళ్లికూతురు ముక్కు చీదుకుంటోంది. తాళి కట్టగానే పొలాలు రాసిచ్చేవాళ్లు, నగలు చదివించేవాళ్లు ఎగబడుతున్నారు. అంత సందడిలోనూ ఒక్కరి పెదవి మీద నవ్వు లేదు.

అక్కను ఉంచిన పూటకూళ్ల ఇల్లు వీధి చివర ఉంది. దాని యజమానురాలు సింగవ్వ, ఎముకలగూడు లాంటి మనిషి, వాకిట్లో తిరగలి విసురుతోంది.

"అవ్వా, కాసిని మంచినీళ్లియ్యి," అన్నాడు కేదారుడు.

"ఇయ్యను. అమ్ముతాను. ఒక గవ్వ పడెయ్యి."

గవ్వ పుచ్చుకుని చెంబు అందించాక గాని ఆమె అతని ముఖం తేరిపార చూడలేదు. చూసి, గొంతు తగ్గించింది. "తుంగకొండల సుగాత్రమ్మ తమ్ముడివా? ఆ కళ్లు దాస్తే దాగుతాయా! లోపలికి రా, త్వరగా."

వెనక గదిలో చాప మీద సుగాత్రి పడుకుని ఉంది. కిటికీ వెలుగు ఆమె చేతిలోంచి అవతలికి కనబడుతోంది. వేళ్లు పొగమంచులా ఉన్నాయి. కేదారుడు పక్కన కూలబడి ఆ చేయి పట్టుకోబోయాడు. పట్టు దొరకలేదు. అతనికి దుఃఖం ఆగలేదు.

"ఏడవకురా," అంది సుగాత్రి సన్నగా. "ఇక్కడి సెట్టిగారి కోడలికి కాన్పు కష్టమైందని కబురొస్తే వచ్చాను. బిడ్డ క్షేమంగా పుట్టింది. మన కొండల్లో పురుడు పోసినందుకు కూలి తీసుకుంటామా? తప్పు కదా. అందుకని కూలి వద్దన్నాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని తన వడ్డాణం తీసి చేతిలో పెట్టింది. కాదంటే నొచ్చుకుంటుందని పుచ్చుకున్నానమ్మా అన్నాను. పొట్టకు లేని ఒక తల్లి దారిలో కనబడితే ఆ వడ్డాణం దానికిచ్చేశాను. కోటవాకిట్లో భటులు మూడోవంతు వడ్డాణం కట్టమన్నారు. నా దగ్గరేముందిరా?"

"కూలి తీసుకుని ఉంటే గొడవే లేకపోను," అంది సింగవ్వ, కళ్లు తుడుచుకుంటూ కూడా కసురుతూ. "కూలికి సుంకం లేదు, కానుకకే సుంకం. ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. డబ్బు పుచ్చుకుంటే డబ్బులో మూడోవంతు, మడి పుచ్చుకుంటే మడిలో మూడోవంతు. కట్టలేకపోతే నీడ జప్తు. నీడ పోయినవాడు రోజుకింత కరిగిపోతాడు. నీ అక్క కానుక పుచ్చుకుంది, మళ్లీ దాన్నే ఇంకొకరికి కానుకగా ఇచ్చింది. ఆ బిచ్చపు తల్లి నీడా పోయింది."

"అయితే ఒక గవ్వకు అమ్మేస్తే సరిపోదా?"

"ఆ తెలివి మాకు లేకనా! ఏనుగును గవ్వకు అమ్మితే, గవ్వ పోను మిగతా ఏనుగంతా కానుకే అంటారు. గుప్పిట్లో పట్టేదాకా మాఫీ. గుప్పిడి గుప్పిడిగా ఇద్దామంటే, ఏడాది పొడుగునా పుచ్చుకున్న గుప్పిళ్లన్నీ కలిపి కొలుస్తారు. చచ్చినవాడి సొత్తు వారసుడికి వస్తే దానికి లేదు. పెళ్లి పీటల మీద చదివించినదానికి లేదు. అందుకే కదా ఊరంతా ఈ మాయదారి పెళ్లిళ్లు! పొలం చేతులు మారాలంటే మనుషులు పీటలెక్కాలి. పొద్దున కట్టిన తాళి సాయంత్రం తెంపుతారు. అది పట్టుబడిందా, పుచ్చుకున్నదంతా పోతుంది." సింగవ్వ తిరగలి విసురుతున్నట్టు గాలిలో చేయి తిప్పింది. "ఇక రక్తసంబంధం. తల్లి బిడ్డకూ, అన్న తమ్ముడికీ ఇచ్చుకుంటే రాతినోరు పలకదు. దానికి నెత్తురు వాసన తెలుసు. మీ అక్క నాకేమీ కాదు గనక, దాని ముక్కుపుడక కొనుక్కుని ఆ ఖరీదుకు సరిపడా గంజి పోస్తున్నాను. ఉత్తినే పోస్తే అది కూడా దాని నెత్తికే చుట్టుకుంటుంది నాయనా, నాకు ప్రాణం ఉసూరుమంటున్నా సరే."

"నీడలెక్కడున్నాయవ్వా?"

"మంత్రి విరూపసేనుడి ఎముకదండానికి ముడేసి ఉంటాయి. రాజు ఏనాడో పోయాడు, పేరుకే మంత్రి, ఏలేది వాడే. అమావాస్యనాడు పొద్దుగుంకగానే వాటిని రాతినోట్లో పోస్తాడు. పోసిన నీడా మళ్లీ రాదు, దాని మనిషీ దక్కడు."

కేదారుడు లేచి నిలబడ్డాడు. "ఆ విరూపసేనుడు మాత్రం ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడా?"

"చచ్చినా పుచ్చుకోడు. చేతులకు తోలు తొడుగులు. పువ్విచ్చినా వెల కడతాడు. పుచ్చుకుంటే వాడూ దండం కింద పెట్టి, రాతినోటి ముందు మోకరిల్లాల్సిందే. ఆ కట్టుబాటుకు మినహాయింపు లేదు."

"ప్రాణమైతే వద్దనడానికి వీల్లేదు కదా?"

సింగవ్వ నోరు తెరిచింది. "ఓరి నీ అసాధ్యం కూలా! నువ్వే తోసి నువ్వే తీస్తే అది కానుక కాదు, మోసం. రాతినోరు పసిగడుతుంది."

"నేను తొయ్యను. గుర్రం పొగరుమోతుదని ఉన్నమాటే చెబుతాను. ఎక్కొద్దని కాళ్లు పట్టుకుంటాను."

"వద్దన్న పని చెయ్యకపోతే వాడికి అన్నం సహించదు," అంది సింగవ్వ నెమ్మదిగా.

పొద్దు వాలుతుండగా రచ్చబయలు నిండింది. వెండి పల్లకీలో విరూపసేనుడు దిగాడు. పగడాల కిరీటం, నెమలికంఠం రంగు అంగరఖా, నడుముకు పాముకుబుసం పట్టీ. ముఖం మాత్రం చెప్పలేనంత పాలిపోయి ఉంది. చేతిలో నిలువెత్తు ఎముకదండం. దాని పొడుగునా ముడులు, ముడి ముడికీ వేలాడుతూ నీడలు, ఆరేసిన నల్లగుడ్డల్లా అల్లాడుతున్నాయి. ఆ గుడ్డల్లో ఒకదానికి ఉన్న అక్క జడ ఆకారాన్ని కేదారుడు పోల్చుకున్నాడు.

"అమ్మకానికా?" అన్నాడు విరూపసేనుడు గుర్రాన్ని చూసి.

ఆ నల్లగుర్రం పేరు కాటుక. ఒంటి మీద ఒక్క తెల్లవెంట్రుక లేదు. కేదారుడు చేతులు కట్టుకుని నేల చూస్తూ, "అమ్మకానికే ప్రభూ. కాని తమరు ఎక్కవద్దు. ఇది మొండిది. నన్ను తప్ప ఎవరినీ నిలవనివ్వదు. మొన్న ఒకణ్ణి లోయలో పారేసింది. ఈ మాట అందరూ వినేటట్టు చెబుతున్నాను," అన్నాడు.

"నన్ను పారేస్తుందా? ఎంత?"

"వద్దు ప్రభూ, మీ కాళ్లు పట్టుకుంటాను!"

వినేవాడైతే కథ ఇంతదాకా ఎందుకు వస్తుంది! న్యాయమైన వెల బంగారంగా పారేసి, దండం చంకన పెట్టుకుని, విరూపసేనుడు జీనెక్కాడు. కాటుక ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. చెవులు వెనక్కి వాల్చింది. అంతే, పిడుగు పడ్డట్టు లంఘించింది. జనం చెల్లాచెదురయ్యారు. పందిళ్లు కూలాయి, పీటలు ఎగిరాయి, పెళ్లివారు గోడలెక్కారు. విరూపసేనుడు స్తంభన మంత్రం అందుకున్నాడు గాని, గుర్రం కుదుపుకు పళ్లు టకటకా కొట్టుకుని మొదటి అక్షరం దగ్గరే నాలుక కరుచుకున్నాడు. కాటుక బురుజు మెట్ల మీదికి ఎగబాకింది. పైన పడమటి బురుజు, దానికి పిట్టగోడ విరిగిపోయి ఎంతకాలమైందో. దాని కింద పాతాళంలా కందకం.

కేదారుడు వెనకే పరుగెత్తాడు. అడ్డదారిన రాతి ఏనుగు తొండం పట్టుకుని ఎగబాకి, గోడ మీది జెండాతాడు తెంపుకుని, బురుజు మీదికి దూకి, దాన్ని నడుముకూ అక్కడి ఇనుపగూటానికీ చుట్టి, దారికి అడ్డంగా నిలిచి, గుర్రాల భాషలో ఒక్క కేక పెట్టాడు. కాటుక నాలుగు గిట్టలూ నేలకు తన్నిపెట్టి ఆగిపోయింది. విరూపసేనుడు ఆగలేదు. గుర్రం మెడ మీదుగా గిరికీ కొట్టి అంచు దాటాడు. కేదారుడు బోర్లా పడి, కిందికి జారుతున్న ఆ తోలు తొడుగును మణికట్టు దగ్గర ఒడిసి పట్టాడు. విరూపసేనుడి రెండో చేయి మాత్రం దండాన్ని వదల్లేదు. నడుముకు ఆ తాడు ఉంది గనక సరిపోయింది. లేకపోతే ఇద్దరూ పోయేవాళ్లే. కింద మొసళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

అతన్ని పైకి లాగి, మెట్ల మీదుగా రచ్చబయల్లోకి దింపేసరికి సూర్యుడు కోటగోడ మీదికి వాలాడు. వందల కళ్లు రాతినోటి వైపే తిరిగాయి. ఎన్నేళ్లుగానో దానికి నీడలు మేపినవాడు ఇప్పుడు దండం కింద పెట్టాలి! కేదారుడి చేయి మొలలో కత్తి పిడి మీదికి పోయింది. దండం నేల తాకిన క్షణాన ఒక్క ముడి తెంపితే చాలు.

ఇతరుల చావు ఎన్నిసార్లో చూసిన విరూపసేనుడు, తన వంతు వచ్చేసరికి చంటిపిల్లవాడిలా వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు.

రాతినోరు గుర్రుమనలేదు.

జనం ఎదురుచూశారు. భటనాయకుడు దగ్గరికి పోయి రాతికి చెవి ఆనించాడు. అదిరిందా? లేదు. ఒక్క ఇసుకరేణువు కూడా కదల్లేదు.

"సుంకం లేదు!" అని గట్టిగా చాటాడు భటనాయకుడు. అతని గొంతులోనే ఆశ్చర్యం ఉంది.

"మోసం చెయ్యలేదు! వద్దని చెప్పాను, మీరందరూ విన్నారు!" అని అరిచాడు కేదారుడు.

"మోసమైతే గర్జిస్తుంది. ఇది గర్జించను కూడా లేదు," అన్నాడు విరూపసేనుడు. అతని ముఖంలోకి మెల్లగా రంగు వస్తోంది. కేదారుడి దగ్గరికి వచ్చి, అతికించిన గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఆ కళ్లలోకి చూశాడు. "మీ అమ్మ పేరేమిటి?"

"వారుణి," అన్నాడు కేదారుడు. అనకుండా ఉండాల్సింది. ఆ కళ్ల ముందు నోరు దానంతటదే పలికింది.

"పొత్తిళ్లలో ఆడపిల్లను వదిలేసి వచ్చాను. నువ్వు కడుపులో ఉన్నావని నాకు తెలియదు." విరూపసేనుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ముందు వరసలో ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. "కొడుకు తండ్రికిచ్చిన ప్రాణానికి సుంకమెక్కడిది, నాయనా?"

నాన్న వర్తకానికి పోయి తుఫానులో చచ్చిపోయాడని కేదారుడికి అమ్మ చెప్పేది. ఆ చచ్చిపోయినవాడు ఎదుట నిలబడి, తొడుగులు విప్పి, దండం మీది ముడులు ఒక్కొక్కటే తడుముతున్నాడు. జడ ఆకారమున్న నీడ దగ్గర ఆగి, ముడి విప్పి, దాన్ని అరచేతిలో మడిచి పట్టుకున్నాడు.

"అయితే తుంగకొండల నుంచి వచ్చిన ఈ నీడ నా కూతురిదన్నమాట. ఈపాటికి దానికి నోరు పెగలదు. దాని తరఫున నువ్వు పుచ్చుకో. తండ్రి ఇస్తున్నాడు, సుంకం లేదు, జప్తు లేదు. చెయ్యి చాపు."

"వద్దు నాయనా!" జనంలోంచి సింగవ్వ కేక. భటులు అడ్డం వస్తున్నా తోసుకుంటూ వస్తోంది. "వాడి శక్తి ఆ రాతినోటి భూతం ఇచ్చిన కానుక! దాని వంతు వాడెన్నడూ కట్టలేదు! ఊరి నీడలన్నీ మేపి గడువు తిప్పుకొస్తున్నాడు! తండ్రి చేతి సొత్తు పుచ్చుకున్నావంటే కొడుకునని ఒప్పుకున్నట్టే! ఆ బాకీ నీ నెత్తికెక్కుతుంది!"

"అబద్ధం కాదు," అన్నాడు విరూపసేనుడు చల్లగా. "అన్నీ తెలిసి పుచ్చుకుంటేనే చెల్లుతుంది. అవ్వ నాకు పని తప్పించింది. తొందరేం లేదు, ఆలోచించుకో. పొద్దు మాత్రం నీకోసం ఆగదు."

సూర్యుడు గోడ వెనక సగం మునిగాడు. అక్క నీడ విరూపసేనుడి అరచేతిలో గువ్వపిట్టలా కొట్టుకుంటోంది. కేదారుడు చేయి చాపాడు. విరూపసేనుడు భటుడందించిన కమండలం వంచి నీళ్లు ధారపోశాడు.

"పుచ్చుకున్నాను," అన్నాడు కేదారుడు.

నీడ అతని వేళ్ల మధ్య నుంచి జారి, నేల మీద నల్లగా పాకి, వీధి వెంట పూటకూళ్ల ఇంటి వైపు దూసుకుపోయింది. కాసేపటికి అటు నుంచి "కేదారా!" అని అక్క గొంతు వినబడింది, ఎప్పటిలా గట్టిగా, నిండుగా. అతను అటు తిరగబోయాడు. తిరగలేకపోయాడు. ఎముకదండం అతని చేతిలో ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. విదిలించినా ఊడలేదు. దాని ముడులకు ఊళ్లోవాళ్ల నీడలు అల్లాడుతూనే ఉన్నాయి.

ఎదురుగా విరూపసేనుడు బరువు దించుకున్న కూలివాడిలా నడుము విరుచుకుని, మెట్ల మీద కూర్చున్నాడు. గోడంత రాతిముఖం గరగరమంటూ కేదారుడి వైపు తిరిగింది. ఈసారీ గుర్రుమనలేదు, నోరు మాత్రం ఇంకాస్త తెరిచింది.

"దానికి ఆకలేస్తోంది, నాయనా," అన్నాడు విరూపసేనుడు. "ఎవరిని పెడతావు?"